మూడు వందల లోపు

రెండు వందల తొంభై ఎనిమిది. సుజన ఎడమ చేతిలోని కౌంటర్ మీట నొక్కి, మైక్రోస్కోపు కింద స్లైడును వెంట్రుకవాసి కుడికి జరిపింది. పడవలాంటి పెంకు ఒకటి కనిపించింది, అంచున సన్నటి గీతలతో. రెండు వందల తొంభై తొమ్మిది. దాని పక్కన విరిగినది ఇంకొకటి. సగానికి పైగా మిగిలి ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలి. మిగిలే ఉంది. మూడు వందలు. ఆమె మెడ నిమురుకుని, రిజిస్టరులో అంకె వేసి, తర్వాతి స్లైడు అందుకుంది.

అవి డయాటమ్‌లు. నీళ్ళలో పుట్టి నీళ్ళలోనే చచ్చే నాచు. కంటికి ఆనదు గానీ ఒంటి చుట్టూ గాజులాంటి పెంకు కట్టుకుంటుంది. నాచు కుళ్ళిపోయినా పెంకు మట్టిలో వందల ఏళ్ళు చెక్కుచెదరదు. పారే నీటి పెంకులు ఒక రకం, చెరువువి ఇంకో రకం. ఏ రకానివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కంప్యూటర్లోని మాడల్‌కు ఇస్తే, ఆ మట్టి పేరుకున్న రోజుల్లో అక్కడ ఎన్ని అడుగుల నీళ్ళు ఉండేవో అది చెబుతుంది. చెబుతుందని అందరి నమ్మకం. మూసీ ఒకప్పుడు ఎక్కడెక్కడ పారిందో పటం గీయడానికి సుజన పనిచేసే సంస్థ మూడేళ్ళుగా ఈ పని మీదే ఉంది. లెక్కపెట్టే కళ్ళు మాత్రం సుజనవి. కాంట్రాక్టు ఉద్యోగం, పదకొండు నెలలకోసారి కొత్త కాగితం.

ఒక్కో చోట నేలలో పైనుంచి అడుగు దాకా తీసిన మట్టి ఐదు గొట్టాల్లో, ఒకే నంబరుతో వస్తుంది. ఒక నియమం ఉంది. స్లైడు మొత్తం వెతికినా మూడు వందల లోపే పెంకులు దొరికితే అది పనికిరాదు. రిజిస్టరులో ఇంటూ గుర్తు పెట్టి, స్లైడు కడిగేసి, మళ్ళీ వాడుకోవాలి. అందుకే ఎర్రమట్టి గొట్టాలంటే సుజనకు ముద్దు. వాటిలో ఒక్క పెంకైనా ఉండదు. గబగబా చూసి ఇంటూ పెట్టేయడమే. ఎర్రమట్టి ఎక్కువ వచ్చిన రోజు నాలుగున్నర బస్సు దొరికేది. గొట్టాల మీద నంబర్లే తప్ప ఊరూ పేరూ ఉండవు కాబట్టి, ఏ మట్టి ఎవరిదో అని మనసు పాడుచేసుకునే పని కూడా లేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం భర్త జోయెల్ ఫోను చేశాడు. ఆటో నడుపుతూ ఎప్పుడూ ఫోను చేయని మనిషి.

"జల్ది రా సుజనా. మన గల్లీకి నోటీసు అతికిచ్చిన్రు."

పురానాపూల్ దగ్గర, మూసీ ఒడ్డుకు కాస్త ఎగువన వాళ్ళ గల్లీ. గల్లీ మొదట్లో ఉన్న కరెంటు స్తంభం చుట్టూ జనం మూగి ఉన్నారు. సుజన వచ్చేసరికి మూలింటి అంజన్న నోటీసును మూడోసారి పైకి చదువుతున్నాడు. శాస్త్రీయ అధ్యయనం ప్రకారం ఈ స్థలం నలభై ఏళ్ళ కిందటి వరకు నదీగర్భం. నదీగర్భంలో ఉన్న నలభై మూడు ఇళ్ళకు ఏ హక్కూ లేదు, బదులుగా వేరే ఇల్లూ లేదు. అభ్యంతరాలు ఉంటే గురువారం విచారణకు రావచ్చు.

కింద ఇంకో కాగితం ఉంది. ఇంటి నంబరు, ఎదురుగా మట్టి నమూనా నంబరు. సుజన వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చింది. తమ ఇంటి ఎదురుగా నూట పన్నెండు అని ఉంది. ఎండాకాలంలో ఎవరో వచ్చి ఇంటింటా సన్నటి గొట్టం దించి మట్టి తీసుకుపోతే, డ్రైనేజీ పని కోసమనుకున్నారు అందరూ.

నూట పన్నెండు ఆమెకు గుర్తే. వానాకాలంలో లెక్కపెట్టింది. పై లోతుల గొట్టాలు పెంకులతో కిటకిటలాడాయి, ఒక్కోదానిలో మూడు వందల నలభై, మూడు వందల అరవై. మంచి స్లైడ్లు అని సంతోషపడింది కూడా. వేలు కాగితం మీదే ఉండిపోయింది.

"అక్కా, నువ్వు పనిజేసేది గా ఆఫీసులనే గదా?" అన్నాడు అంజన్న.

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. తిట్టినా బాగుండేది. ఎదురింటి ఆగమ్మ, పొద్దున్నే చక్కెర అప్పు తీసుకుపోయిన మనిషి, మొహం పక్కకు తిప్పుకుంది. సుజన తల వంచుకుని ఇంట్లోకి నడిచింది.

ఆమె అత్త నీలమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. డెబ్భై దాటినా చేతుల్లో వణుకు లేదు. జీవితమంతా మట్టిపని చేసిన చేతులు.

"గీ ఇంట్ల ఏరు పారిందంటనా? నలభై ఏండ్ల కింద?" అంది తలెత్తకుండానే. "నలభై ఏండ్ల కింద గా వంటింట్లనే జోయెల్‌ను కన్న. ఏరు పారుతుంటే నేను ఈతకొట్టుకుంట కన్ననా?"

"అత్తమ్మా, పెంకులు ఉన్నయ్. నేనే లెక్కవెట్టిన. గవి ఏటి మట్టిలనే ఉంటయ్."

"ఉంటయ్. ఏటి మట్టే గదనే అది." నీలమ్మ చాటలోంచి ఒక పుచ్చు కాయ ఏరి పారేసింది. "నేను మోసుకొచ్చి పోసిన మట్టి నాకు ఎరుక లేదా?"

సుజన ఆమె ముందు చతికిలబడింది.

వానలకు ముందు ఏటేటా చేసేవాళ్ళట. రోడ్డు మీది నీళ్ళు ఇళ్ళలోకి రాకుండా నేల ఎత్తు పెంచుకోవాలి. గల్లీలో ఆడవాళ్ళంతా మట్టికూలీలే. పనినుంచి వచ్చాక తట్టలు ఎత్తుకుని మూసీకి పోయి, నల్లటి ఒండ్రుమట్టి తెచ్చి ఇళ్ళలో పోసి, దిమ్మిసతో కొట్టి, పేడ అలికేవాళ్ళు. ఏడాదికి బెత్తెడు. కొత్త కోడలు వస్తే మొదటి తట్ట ఆమెదే. నీలమ్మ భర్త సీమోను తాపీపని చేసేవాడు, ఎప్పుడో పోయాడు. కొత్త నేల వేసిన ప్రతిసారీ విరిగిన ఇంటికప్పు పెంకు ముక్క మీద మేకుతో ఆ ఏడు గీకి, అడుగున పెట్టి, పైన మట్టి పోయించేవాడట.

"ఎందుకు?" అంది సుజన.

"ఆగమ్మ అత్త ఉండె గదా, మీకన్న మేమే ముందుగాల ఎత్తు పెంచినమని ఎప్పుడు లొల్లి. సాక్ష్యం ఉండాలె అనేటోడు మీ మామ." నీలమ్మ నవ్వింది. ఆ రోజు ఆ గల్లీలో నవ్విన మనిషి ఆమె ఒక్కతే.

జోయెల్ వంటింటి మూలలో బిందెల కింది బండ లేపి గడ్డపారతో తవ్వాడు. మోకాలి లోతు దిగాక పార కొసకు పెంకు ముక్క తగిలింది. సుజన కొంగుతో తుడిచింది. వంకరటింకర అంకెలు. 1984. జోయెల్ పుట్టిన ఏడు.

ఆమె చెంచాను వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఆ పెంకు ముక్కకు పైనున్న పొరలోంచి మట్టిని ఆఫీసు బ్యాగులోని ఖాళీ గొట్టంలోకి తీసింది. ఒక్క రవ్వ కింద పడనివ్వలేదు.

మంగళవారం పొద్దున్నే అమరనాథ్ సార్ గది ముందు నిలబడింది. ఆ పటం గీసింది ఆయనే. మొఘల్‌పురాలో మూడు తరాలుగా పసుపూ మిరియాలూ టోకున అమ్మే ఇంట్లో పుట్టి, దుకాణం వదిలి నాచులో పడ్డ మనిషి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే సుజనకు కోపం తెచ్చుకోవడం సులువయ్యేది.

"సార్, మాడల్‌ను నమ్మొచ్చో లేదో పరీక్ష చెయ్యాలె అంటుంటరు గదా. జవాబు ఎరుక ఉన్న మట్టి ఇచ్చి అడగాలె అని."

"అవును. నాకు అలాంటి మట్టి దొరుకుతలేదు. ఎప్పటిదో, ఎక్కడిదో ఖాయంగా తెలిసిన మట్టి ఎవరి దగ్గరుంటది?"

ఆమె గొట్టాన్ని బల్ల మీద పెట్టింది. ఆయన చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఏ సంవత్సరమో, ఏ జాగో నాకు చెప్పకు. చెప్తే పరీక్ష కాదు. స్లైడ్ చెయ్, లెక్క ఇయ్."

మట్టిని యాసిడ్‌లో మరిగించి, కడిగి, తేర్చి, మళ్ళీ కడిగి స్లైడు చేసేసరికి ఒక పగలు గడిచింది. బుధవారం మధ్యాహ్నానికి లెక్క పూర్తయింది. మూడు వందల ఇరవై. ఆయన అంకెలు ఎక్కించి మీట నొక్కాడు. తెర మీద జవాబు వచ్చింది.

"మూడడుగుల నీళ్ళు. పారే నీళ్ళు," అన్నాడు. "పొరపాటు జరిగినా అరడుగు మించదంటున్నది. మస్తు ధీమాగ చెప్తున్నది. ఇప్పుడు చెప్పు, ఎక్కడిది?"

సుజన బ్యాగులోంచి అంకెలు గీకిన పెంకు ముక్క తీసి ఆయన ముందు పెట్టింది.

"మా వంటిల్లు సార్. ఎనభై నాలుగుల గీ మట్టి మీదనే మా అత్తమ్మ పురుడువోసుకున్నది. మట్టిని ఏరు మోసుకరాలే. ఆమె నెత్తి మీద తెచ్చింది."

ఆయన పెంకును అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళద్దాలు తీశాడు, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు. మట్టిని నీళ్ళు మాత్రమే మోసుకొస్తాయని ఆ మాడల్ నమ్మకం. నీలమ్మ లాంటి వాళ్ళు ఉంటారని దానికి చెప్పినవాడు లేడు.

"నమ్మకం పూర్తిగ లేదని రిపోర్టు చివరి పేజీల రాసిన సుజనా," అన్నాడు. "సర్కారోళ్ళు పటం ఒక్కటే చింపుకొని తీసుకపోయిన్రు."

"మాకు రేపే విచారణ సార్."

అప్పటికప్పుడు ఉత్తరం రాశాడు. ఈ స్థలంలో ఒండ్రును నది వేయలేదు, నివాసులే నదినుంచి తెచ్చి పోసుకున్నారు, కాబట్టి మాడల్ అంచనా ఇక్కడ చెల్లదు. సంతకం చేసి ముద్ర వేశాడు. సుజన ఆ కాగితాన్ని మడత పడకుండా రిజిస్టరు అట్టల మధ్య పెట్టుకుని బస్సులో ఒడిలో పట్టుకుని కూర్చుంది. గల్లీలోకి రాగానే అంజన్న చేత పైకి చదివించింది. ఆగమ్మ చక్కెర గిన్నె తెచ్చి తిరిగి ఇచ్చేసింది. సగానికి పోసి ఇచ్చిన గిన్నె నిండా ఉంది.

గురువారం విచారణ గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు. అధికారి నడివయసు మనిషి, మర్యాదస్తుడు. నీలమ్మకు కుర్చీ వేయించాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"పెద్దమ్మా, ఈ మట్టి మీరే తెచ్చిన్రా?"

"నేనే బాంచెన్. నేను, మా గల్లీ ఆడోళ్ళు."

"ఎక్కడినుంచి?"

"ఏట్లకెళ్ళి. గిప్పటి లెక్క కంపు లేకుండె అప్పుడు."

"ఎన్ని తట్టలు తెచ్చి ఉంటరు?"

నీలమ్మ నిటారుగా కూర్చుంది. తన పని గురించి ఒక ఆఫీసరు ఇంత శ్రద్ధగా అడగడం ఆమె బతుకులో ఇదే మొదలు.

"ఏడాదికి ఇంటికి నూటయాభై తట్టలు తక్కువ కాదు. పదైదేండ్లు పోసినం. ఇసుమంత గుంత లేకుండ దిమ్మిస కొట్టినం."

సుజన అత్త మోచేయి పట్టుకుని ఆపబోయింది. అధికారి గొంతులో మార్పేమీ లేదు. పక్కన టైపు చేస్తున్న గుమాస్తా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు.

"నది నుంచి అనుమతి లేకుండా మట్టి తవ్వి, పదిహేనేళ్ళ పాటు నదీగర్భాన్ని పూడ్చి, దాని మీద ఇళ్ళు కట్టుకున్నట్టు నివాసులు స్వయంగా ఒప్పుకున్నారు. సంస్థ ఇచ్చిన లేఖ కూడా దీన్ని ధ్రువపరుస్తున్నది."

"సార్, గట్ల కాదు," సుజన లేచింది. "మేం నదిని పూడ్చలే. మా నేల మీదనే పోసుకున్నం."

"నది కాదని ఏంది రుజువు? ఇన్ని రోజులు మాడల్ చెప్పింది. ఇప్పుడు మీ పెద్దామె చెప్పింది. ఒక్కరన్న పొడి నేల అని చెప్పిన్రా?" ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. ఆయన గుమాస్తా వైపు తిరిగాడు. "ఏడు రోజుల టైం ఇస్తున్న. వేలిముద్ర తీసుకోండ్రి."

నీలమ్మ బొటనవేలు సిరాలో అద్ది గట్టిగా నొక్కింది. ఏం జరిగిందో ఆమెకు ఇంకా తెలియదు. ఆటోలో జోయెల్ విడమరిచి చెప్పాక ఇల్లు చేరేదాకా ఆమె బొటనవేలినే చూసుకుంది. మిగిలిన సిరాను కొంగుకు రుద్దుకుంటూ కూర్చుంది.

సుజనకు మాత్రం తన మీద తనకు అసహ్యం పుట్టింది. పెంకులు లెక్కపెట్టి ఒకసారి ఇల్లు పోగొట్టింది. పెంకులు తప్పని నిరూపించి రెండోసారి పోగొట్టింది. మొదటిదాన్ని తెలియక చేసిందని అనుకోవచ్చు. రెండోదానికి తనే చేయి పట్టుకుని అత్తను తీసుకుపోయింది.

శుక్రవారం తెల్లవారుతుండగా దబ్‌దబ్‌మనే చప్పుడుకు మెలకువ వచ్చింది. వంటింట్లో గిన్నెలన్నీ బయట పేర్చి ఉన్నాయి. నీలమ్మ చీర గోచీ బిగించి గడ్డపారతో నేల తవ్వుతోంది. పక్కన తట్ట నిండా నల్లమట్టి.

"అత్తమ్మా! ఏం జేస్తున్నవ్?"

"ఏటి మట్టి ఏటికి ఇచ్చేస్తున్న. మట్టి తెచ్చుడే తప్పైతే తీసుకపోయి పోస్త. వాళ్ళ మట్టి వాళ్ళకు పోతది. నా జాగ నాకు మిగుల్తది."

"గట్ల ఇడిశిపెట్టరు అత్తమ్మా."

"నూటయాభై తట్టలు, పదైదేండ్లు. నేను చెప్పిన లెక్కనే గదా. లెక్క అప్పజెప్త." ఆమె తట్ట ఎత్తబోయింది. నడుము లేవలేదు. మళ్ళీ వంగింది. జోయెల్ ఇది చూడలేక గోడకు ఆనుకుని మొహం దాచుకుని ఏడ్చాడు. సుజనకు ఏడుపు రాలేదు. కొంగు దోపుకుని, తట్టకు అవతలి అంచు పట్టుకుంది.

ముగ్గురూ మోయడం మొదలుపెట్టారు. ఏడు గంటలకల్లా ఆగమ్మ వచ్చి చూసింది, ఏమీ అడగకుండా తనింటికి పోయి పార అందుకుంది. తర్వాత అంజన్న ఇంట్లోంచీ చప్పుడు వినిపించింది. ఆ గల్లీలో ఇంకేం చేయాలో ఎవరికీ తోచలేదు. చేతులు ఊరుకోలేక చేసిన పని అది.

పది దాటాక నీలమ్మ పార కొస చప్పుడు మారింది. నల్లమట్టి అడుగున గరగరలాడే మొరం తగిలింది. ఇటుకపొడిలా ఎర్రగా ఉంది.

సుజన తట్ట కింద పెట్టింది. ఒక పిడికెడు తీసి కిటికీ దగ్గర వెలుగులో చూసింది. ఈ రంగు తనకు తెలుసు. మూడేళ్ళుగా వేళ్ళతో కడిగిన రంగు. నాలుగున్నర బస్సు దొరికించిన రంగు.

ఆ పిడికెడు మట్టినే జోయెల్ రుమాలులో మూటగట్టుకుని బస్సెక్కింది.

పూర్తిగా మరిగించే ఓపిక లేదు. నీళ్ళలో కలిపి, పలచటి పొర స్లైడు మీద పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టింది. పై వరస చూసింది. రెండో వరస, మూడో వరస. అడుగు వరకూ వెతికింది. కౌంటర్ మీట ఒక్కసారి కూడా నొక్కలేదు. అమరనాథ్ సార్ వెనక వచ్చి నిలబడ్డాడని ఆమెకు తెలియదు.

"ఏముంది?"

"ఏం లేదు సార్. ఇది మాడల్‌కు ఇయ్యండ్రి."

"ఏమీ లేనిదానికి అది జవాబు చెప్పదు సుజనా. మూడు వందలైనా ఉండాలె."

"నీళ్ళల పుట్టే పెంకు ఒక్కటి లేదంటే ఏందర్థం సార్? నీళ్ళు లేవనే గదా?"

ఆయన వంగి తానూ మైక్రోస్కోపులో చూశాడు. సుజన రిజిస్టరు తెచ్చి బల్ల మీద పరిచింది. నూట పన్నెండు. పై మూడు గొట్టాలకు అంకెలు, అడుగు రెండింటికి ఇంటూ గుర్తులు. నూట పదమూడు, అడుగున ఇంటూ. నూట పద్నాలుగు, ఇంటూ. పేజీ తిప్పింది. తన గల్లీ నంబర్లు నలభై మూడింటికీ అడుగు గొట్టాలన్నిటికీ ఇంటూ గుర్తులే, తన చేతి రాతతో, ఒకే కొలతలో, ముచ్చటగా పెట్టినవి.

"ఇవన్ని ఎర్రమట్టి సార్. మూడు వందల లోపు అని పారేసిన. మీరు పారేయమన్నరు, నేను పారేసిన."

అమరనాథ్ కుర్చీలో కూలబడ్డాడు. మాడల్‌కు పాఠం చెప్పడానికి తాను తెచ్చిన తొంభై నమూనాలూ మూసీవీ, చెరువులవీ, కాలువలవీ. పొడి నేల ఒక్కటి లేదు. ఎన్ని నీళ్ళు అని అడిగితే అడుగుల్లో చెప్పడమే దానికి వచ్చు. నీళ్ళు లేవు అనడం దానికి ఎవరూ నేర్పలేదు. అలా అనగలిగిన మట్టినంతా ముందే కడిగి పారబోశారు.

"ఇంటూ కాదు పెట్టాల్సింది, సున్నా," అన్నాడు. "నా తప్పు ఇది. ఆ స్లైడ్లు?"

"కడిగేసిన సార్. ఇంకో మట్టికి వాడినం. మిగిలిన మట్టి పారవోసిన."

"రిజిస్టరు ఒక్కటే చూపిస్తే నమ్మరు. వాళ్ళింటి అమ్మాయే రాసిందంటరు. మళ్ళీ తవ్వాలె. పైన ఒండ్రు, అడుగున మొరం, పొరలు కదలకుండ ఉన్నచోట, సర్కారు మనిషిని నిలబెట్టి తియ్యాలె. రేపు పొద్దున నేనే వస్త. పటం వాపస్ తీసుకుంటున్న అని ఇయ్యాళనే రాస్త, నా నౌకరి ఉన్నా పోయినా. పొరలు చెదరగొట్టొద్దని మీవాళ్ళకు చెప్పు."

సుజన ఫోను అందుకుంది.

"తవ్వుతనే ఉన్నరు సార్. పొద్దటిసంది. గల్లీ మొత్తం."

జోయెల్ ఫోను మోగి మోగి ఆగిపోయింది. అంజన్నదీ అంతే. మట్టి చేతులతో ఎవరు ఎత్తుతారు? బస్సులో కూర్చోలేక నిలబడింది. ఒక్కో సిగ్నలు దగ్గర ఒక్కో ఇంటి నేల మూసీలో కలిసిపోతున్నట్టు ఉంది. తమ పక్షాన సాక్ష్యం చెప్పగలిగిన మట్టిని తామే తట్టలకెత్తి పారబోస్తున్నారు, మొదటి తట్టకు చేయి వేసింది కూడా తానే. దేవుడా, ఒక్క ఇల్లు, ఒక్క మూల మిగిల్చు అని ప్రార్థించింది. ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం చేసిన ప్రార్థనలు ఇంత సూటిగా ఎప్పుడూ లేవు.

గల్లీలో ఎటు చూసినా మట్టి. నల్లదీ ఎర్రదీ కలిసిపోయి తొక్కుడు పడి ఉంది. తట్టలు ఏటి వైపు పోతున్నాయి, ఖాళీగా తిరిగి వస్తున్నాయి. సుజన చెప్పులు విడవకుండానే ఇంట్లోకి పరుగెత్తింది.

వంటిల్లు గుంతయిపోయింది. నడుం లోతు. గోడల మొదళ్ళ దాకా గీకేసి ఉంది. గుంతలో గోడకు ఆనుకుని నీలమ్మ కూర్చుని ఉంది, మోకాళ్ళ దాకా మట్టి.

గుంత మధ్యలో, మనిషి కూర్చునేంత వెడల్పున, తవ్వకుండా వదిలేసిన దిమ్మె ఒకటి నిలబడి ఉంది. పైన పేడ అలికిన నేల అలాగే ఉంది. కింద నల్లమట్టి, బెత్తెడుకోసారి అంచున పెంకు ముక్క తొంగిచూస్తూ. అడుగున మొరం, ఎర్రగా, జానెడు ఎత్తున.

సుజన గుంత అంచున కూర్చుంది. "ఇదేంది అత్తమ్మా? దీన్ని ఎందుకు ఇడిశిపెట్టినవ్?"

"దిమ్మె ఇడ్వద్దా?" నీలమ్మ ఆమె వైపు వింతగా చూసింది. "మట్టిపనిల నడుమ దిమ్మె ఇడ్వకపోతే కొలిచెటోడు వచ్చి ఎంత లోతు తవ్విన్రో ఎట్ల నమ్ముతడు? కూలి ఎగవెడతడు. అప్పజెప్పేటప్పుడు లెక్క జూపియ్యాలె గదా."

"మిగతా ఇండ్లల్ల?"

"గదేం అడుగుడే? అందరం మట్టిపనోళ్ళమే గదా."

సుజన బయటికి పరుగెత్తింది. ఆగమ్మ ఇంట్లో నడిగదిలో దిమ్మె. పక్కింట్లో మంచం కోడు పక్కన దిమ్మె. అంజన్న ఇంట్లో కాస్త వంకరగా, అతని తల్లి నేర్పిన కొలతలో. లెక్కపెట్టుకుంటూ గల్లీ చివరిదాకా పోయింది. అలవాటుగా ఎడమ బొటనవేలు గాలిలో మీట నొక్కుతూనే ఉంది. నలభై మూడు.  ప్రతి ఇంట్లోనూ దిమ్మెను ముట్టుకోవద్దని చేతులు జోడించి వచ్చింది.

ఆరు రోజులున్నాయి. అధికారి నమ్ముతాడో లేదో, ఉత్తరాన్ని మళ్ళీ ఎటు తిప్పుతాడో తెలియదు. రేపు పొద్దున సార్ నిజంగా వస్తాడో లేదో కూడా తెలియదు. సుజన తిరిగి వంటింటి గుంతలోకి దిగి, రేపు మట్టి తీయడానికి కూరగాయల కత్తి నీళ్ళతో కడిగి పక్కన పెట్టుకుంది. పాత నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఆ దిమ్మె బొమ్మ గీసి, పక్కన కొలతలు వేయడం మొదలుపెట్టింది. అడుగు నుంచే మొదలుపెట్టింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అంది నీలమ్మ.

"ఎర్రమట్టిల పెంకులు ఎన్ని ఉన్నయో రాస్తున్న."

"ఎన్ని ఉన్నయ్?"

"సున్నా అత్తమ్మా."

 నీలమ్మ సిరా ఇంకా పోని బొటనవేలిని చీర అంచుకు రుద్దుకుంది.

"ఇగ దానికి వేలిముద్ర వెయ్యాల్నా?" అని అడిగింది.